అత్తగారి మంచం, అల్లుడి టమాటా మడి

చండకిరణుడైన సూర్యుడు నడినెత్తి విడిచి పడమటికి రథము మళ్లించు వేళ, గడ్డిపరకకైనను చోటీయని కఠినహృదయమగు సిమెంటు పెరటి నడుమ, సూదియే శరముగా, కత్తెరయే ఖడ్గముగా బ్రతుకెల్ల వస్త్రసైన్యములను చీల్చి చెండాడిన దర్జీ నడుమునకు తువ్వాలు బిగించి నిలచి, భార్య వినునట్లు ఇట్లు గర్జించెను:

"ఈ నేల నన్ను తవ్వనివ్వదా? వద్దులే! దీని నెత్తిమీదే మడి కట్టి టమాటాలు పండిస్తా, చూస్తూ ఉండు!"

"కట్టండి గానీ, చెక్కలేవీ?" అని ఆ సాధ్వి చొక్కాకు గుండీలు కుడుతూనే అడిగెను.

వీరుని చూపు వసారాలో గోడకానుకొని పడియున్న టేకు మంచముపై వ్రాలెను. సుత్తి లేచెను. కీళ్లు విరిగెను, మేకులు వంగెను, వీరుని బొటనవ్రేలు నల్లబడెను. అయినను వెనుకంజ వేయక, ఆ చెక్కలను నలుచదరపు దుర్గముగా బిగించి, నేల మరకపడకుండ అడుగున ప్లాస్టిక్ పట్టా పరచి, బస్తాల కొలది మట్టియు ఎరువును నింపి, నారు నాటి, బిందెలతో నీరు కుమ్మరించెను. ఆ నీటికి పోవు దారి లేదు. క్షణములో దుర్గము బురదగుంటయై, నారు నావలవలె తేలియాడెను.

సరిగ్గా అప్పుడే వాకిట ఆటో ఆగెను. సంచితో అత్తగారు దిగెను! పెండ్లినాటి నుండి అల్లుని పనినొక్కనాడును మెచ్చియెరుగని మహాసాధ్వి. అతడు కుట్టి యిచ్చిన ప్రతి రవికకును "భుజం దగ్గర లాగుతోంది" అని తీర్పు చెప్పిన న్యాయమూర్తి.

"నా మంచమేదే?" అని ఆమె కూతురినడిగెను.

కూతురు పెరటివైపు చూపెను. దర్జీ గొంతు సవరించుకొనెను.

"అదేనండీ అత్తయ్యగారూ... అందులో టమాటాలు వేశాను."

"ఏవండీ అల్లుడుగారూ? నాకు చెరువు కనిపిస్తోందే! సరే, నా మంచం ఏం కాస్తుందో చూసే వెళ్తాను."

ఇట్లు పలికి ఆమె అల్లుని పరుపు నాక్రమించెను, అల్లుడు చాపపాలయ్యెను. అవమానాగ్ని రగుల, అతడు బురదనంతయు ఎత్తిపోసి, బట్ట తప్ప మరొకటి తాకని తన ప్రియమైన కత్తెరతో పట్టాకు చిల్లులు పొడిచి, ఇటుకముక్కలు పరచి చెక్కలకు ఎత్తు పెట్టి, మరల మట్టి నింపి, మరల నాటెను. నీరు బుద్ధిగా కాలువవైపు జారిపోయెను.

దినములు గడచెను. నడుము పట్టెను. పూలు పూచి రాలెను. అన్నిటిలోను ఒక్కటి మాత్రము మొండికెత్తి నిలచి, పిందెయై, కాయయై, ఉసిరికాయంత ఎర్రని పండయ్యెను.

భార్య దానిని మూడు ముక్కలు చేసి ఉప్పు చల్లెను. అత్తగారు నోట వేసుకొని, కనులు మూసి, నమిలెను. ఇంకను నమిలెను.

"పర్లేదు," అనెను అత్తగారు.

భార్య అతని చెవిలో గుసగుసలాడెను: "మా నాన్నకి కూడా ఆ మాట దక్కలేదండీ!"

దిక్కులారా, వినుడు! భేరులారా, మ్రోగుడు! పట్టిన నడుముతో, నల్లని బొటనవ్రేలితో, సిమెంటును జయించి, అంతకన్న కఠినమైన అత్తగారి నాలుకపై "పర్లేదు" పండించిన దర్జీకి జయము! జయము!