కియాలా కొన్న నాలుగు తీగలు

ఆ గురువారం పొద్దున కియాలా వేసుకున్న పథకం చాలా చిన్నది. టీలో ముంచుకుని నూనెలో వేయించిన వేడి వేడి మికాటె పిండి ఉండలు తినడం, బజారుకెళ్ళి ఒక బాస్ గిటారు కొనడం, ఎవరి కంటా పడకుండా దాన్ని ఇంటికి చేర్చడం. మికాటెలు తినేవరకూ అంతా పథకం ప్రకారమే జరిగింది.

కియాలా ఏళ్ళ తరబడి మొపెపే అనే ఆర్కెస్ట్రాలో బాస్ వాయిస్తున్నాడు. కిన్షాసా నగరం మొత్తంలో, ముఖ్యంగా మా మటోంగే పేటలో, పాట అయిపోయాక జనానికి పాటగాడి పేరు గుర్తుంటుంది గానీ, వాళ్ళ నడుములకి గుర్తుండేది మాత్రం కియాలా వేళ్ళే. అయితే ఆ వేళ్ళ కింది గిటారు అతనిది కాదు. డ్రమ్ముల దగ్గర్నుంచి మైకుల దాకా సమస్తమూ బృందం యజమాని కజాడీ గారివి. మా దగ్గర బృందం యజమానిని ప్రెసిడెంటు అంటారు. దేశానికి ప్రెసిడెంటు ఒక్కడే, మటోంగేలో వీధికొకడుంటాడు. కచేరీ ముగియగానే బాస్ గిటారు ప్రెసిడెంటు కజాడీ ఇంటికి వెళ్ళి, ఆయన బూట్లుండే గదిలో తాళం వెనక పడుకునేది. ఇంట్లో సాధన చెయ్యాలంటే కియాలాకి చీపురుకర్రే గతి. ఆదివారం చర్చిలో వాయించేది మరొకరి అరువు గిటారు, దాని మెడ వంగిపోయి ప్రతి కీర్తనా సగం ఏడుపులాగా వినిపించేది.

మరి ఇన్నేళ్ళూ ఎందుకు కొనుక్కోలేదంటారా? మా పేటలో వాయిద్యాలు ఎవరివైతే బృందం వాళ్ళదే. వాయించేవాడు సొంత వాయిద్యం కొన్నాడంటే దానికి ఒకటే అర్థం: చీలిపోయి వేరు కుంపటి పెడుతున్నాడని. కియాలాకి అలాంటి ఆలోచన కలలో కూడా లేదు. సొంత గిటారు ఇంట్లో ఉండాలి, మొపెపేలో ప్రెసిడెంటు ఎడమ భుజం వెనక తన చోటు తనకుండాలి. అతని కోరికలు ఈ రెండే. మొదటి సంగతి ప్రెసిడెంటు చెవిన పడితే రెండోది ఆ సాయంత్రానికే వేరేవాడి పాలవుతుంది.

"ఎవరితోనూ అనకు," అన్నాడు భార్యతో.

"నాకేం పని?" అంది న్సోనా, నూనె మూకుడు దించుతూ. "ఎర్రగా తళతళలాడేది మాత్రం తేకు. ఆదివారం అరువుదేనని చెప్పి దానితో దేవుడి ముందు నిలబడాలి."

"శనివారం తాగుబోతుల పాటలు కూడా ఇంట్లో దాని మీదే సాధన చెయ్యాలి."

"అయితే ఇద్దరికీ నచ్చేది తే. మన దగ్గరున్న డబ్బుకి రెండు గిటార్లు రావు."

విక్టోయిర్ కూడలి అవతల వాయిద్యాల దుకాణంలో, కియాలా అడక్కముందే దుకాణదారు అయిదు తీగల గిటారొకటి తీసి అతని ఒళ్ళో పెట్టాడు.

"ఇప్పుడందరూ ఇదే అడుగుతున్నారన్నా. అయిదో తీగ ఉంటే ఆ లోతే వేరు."

"నాలుగు తీగలతో చెప్పాల్సిందంతా చెప్పేశాక అయిదోదాని కోసం వస్తాలే. దీని వీపులో ఈ డబ్బా ఏంటి?"

"బ్యాటరీ. ధ్వని పెంచుతుంది."

"పాట మధ్యలో అది చచ్చిపోతే జనం నా ప్రాణం తీస్తారు. బ్యాటరీ లేనిది చూపించవయ్యా."

రెండోది పెద్ద పేరున్న కంపెనీది, చేతులు మారి వచ్చింది. భుజాన తగిలించుకుంటే సిమెంటు బస్తా ఎత్తుకున్నట్టుంది. ధరలో సగం ఆ పేరుకే పోతుందని, వేళ్ళు పేరు మీద ఆడవని చెప్పి కియాలా దాన్ని మర్యాదగా దించేశాడు. అప్పుడు కనిపించింది, గోడ మూలన వేలాడుతూ, కాల్చిన వేరుశనగ గింజ రంగులో, ఏ ఆర్భాటమూ లేకుండా ఒక గిటారు. తీగల కింద ధ్వనిని పట్టే పికప్‌లు రెండున్నాయి, ఒకటి మెడ దగ్గర, ఒకటి కింద తోక దగ్గర. దేని మీట దానికే ఉంది. కియాలా మెడను కంటికి ఆనించి చూశాడు. తిన్నగా ఉంది. ప్రతి తీగనీ ప్రతి మెట్టు మీదా నొక్కి చూశాడు. ఎక్కడా గరగర లేదు. భుజాన తగిలించుకుని రెండు చేతులూ వదిలేశాడు. గిటారు తల వేలాడిపోకుండా నిలబడింది. ఆ మాటకొస్తే అప్పటికే కియాలా తలే గాల్లో తేలుతోంది.

మెడ దగ్గరి మీట తిప్పి కీర్తన ఒకటి అందుకున్నాడు. గుండ్రటి, వెచ్చటి ధ్వని. దుకాణదారు తెలియకుండానే టోపీ తీశాడు. ఆనందం పట్టలేక కియాలా రెండో మీట తిప్పి సెబెన్ అందుకున్నాడు. సెబెన్ అంటే పాట సగంలో గొంతులు పక్కకి తప్పుకుని గిటార్లు పరుగందుకునే ఘట్టం. దుకాణం స్పీకరు మొహం వీధి వైపుందన్న సంగతి అతనికి తట్టలేదు. అరటిపళ్ళు అమ్మే ఆవిడ గంప దించి నడుం తిప్పింది. ట్రాఫిక్ పోలీసు విజిల్ తాళం పట్టుకుంది. అటు వెళుతున్న మోటారుసైకిల్ టాక్సీ ఒకటి ఆగి, దాని మీంచి మొపెపే డ్రమ్ములవాడు ఎలెంగా దిగాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

"అన్నా! ఇదెవరిది?"

కియాలాకి అబద్ధం చెప్పే సమయం దొరికింది. కానీ జీవితంలో మొదటిసారి ఆ మాట అనే అవకాశం వస్తే ఎవడు వదులుకుంటాడు?

"నాది," అన్నాడు, ఛాతీ విరుచుకుని.

ఎలెంగా చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అర్థమైందన్నా. నేనిక్కడికి రాలేదు, ఏమీ చూడలేదు. నన్ను మాత్రం మర్చిపోకు."

"ఒరేయ్, నువ్వనుకుంటున్నది కాదురా!"

"అదే మరి! కాదనే చెప్పాలి!" అంటూ ఎలెంగా బండెక్కాడు. బండి కదలకముందే ఫోను చెవికి చేరింది.

కియాలా బేరమాడి, అనుకున్న రెండు వందల డాలర్లలోపే సంచీతో సహా గిటారు సంపాదించి, భుజాన వేసుకుని సందుల్లోంచి ఇల్లు చేరాడు. ఇంటి ముందు అతని కుర్చీలో మొపెపే పాటగాడు షబానీ కూర్చుని మిగిలిన మికాటెలు తింటున్నాడు. పక్కన అతని బట్టల పెట్టె ఉంది.

"డ్రమ్ములవాడికి చెప్పి, పాటగాడికి చెప్పకుండా బృందం పెడతావా అన్నా? ఇదేమైనా న్యాయంగా ఉందా?"

"నేను బృందం పెట్టడం లేదయ్యా! ఊరికే గిటారు కొనుక్కున్నాను, అంతే!"

షబానీ కళ్ళు చెమర్చాయి. "సరిగ్గా ఇలాగే! చీలిపోయిన పెద్దవాళ్ళంతా ఆఖరి రోజుదాకా సరిగ్గా ఈ మాటే అన్నారు. నువ్వూ ఆ కోవలోకి చేరావన్నా."

అక్కడితో కియాలా కొంప మునిగింది. మా పేటలో చీలిపోయేవాడు చీలిపోతున్నానని ఎప్పుడూ ఒప్పుకోడు. కాబట్టి ఎంత గట్టిగా కాదంటే అంత గట్టిగా అవునని లెక్క. అతను నెత్తీ నోరూ బాదుకున్నకొద్దీ జనం పెరిగారు. రిథమ్ గిటారువాడు వచ్చాడు, నాట్యం చేసే అమ్మాయిలు వచ్చారు. ఎలెంగా ఏకంగా డ్రమ్ము కర్రలు చంకలో పెట్టుకుని వచ్చాడు.

న్సోనా లోపల్నుంచి ఒంటికాలి మీద లేచి వచ్చింది. "మా ఆయన సొంత గిటారు కొంటున్నాడని మా అక్కకొక్కదానికే చెప్పాను, అదీ సంతోషం పట్టలేక! నువ్వేమో బృందమే పెడుతున్నావట, ఆ సంగతి నాకు పక్కింటావిడ చెప్పాలా?"

"ఎవరు పెడుతున్నారే?"

"చాల్లే. నాకు తెలుసు, నువ్వు ఇంతవాడివవుతావని నాకెప్పుడూ తెలుసు. రేపట్నుంచి నన్ను ప్రెసిడెంటు గారి భార్య అంటారు. కట్టుకోవడానికి ఒక్క మంచి గుడ్డ లేదు!" అంటూనే ఆమె ప్లాస్టిక్ కుర్చీలు అద్దెకి పురమాయించి, పోండూ ఆకుకూర పెద్ద గిన్నెలో పొయ్యి ఎక్కించింది. కోపంలో కూడా ఆమె మొహం పెళ్ళికూతురి మొహంలా వెలిగిపోతోంది. అది చూసి కియాలాకి గర్వంగానూ ఉంది, ఏడుపూ వస్తోంది.

సాయంత్రానికి సందు మొదట్లో కారు హారను మోగింది. అందరూ లేచి నిలబడ్డారు. తెల్ల సూటూ, ఎర్ర బూట్లూ వేసుకుని, బురద గుంటలు చూసి చూసి దాటుతూ ప్రెసిడెంటు కజాడీ నడిచి వచ్చాడు. సాధనకి ఒక్క పురుగు కూడా రాలేదని ఆయనకి తెలిసిపోయింది. ఎక్కడున్నారో కూడా తెలిసిపోయింది.

"చూపించు," అన్నాడు ప్రెసిడెంటు.

కియాలా గిటారు అందించాడు. ఆయన మెడను కంటికి ఆనించి చూశాడు, మీటలు తిప్పి చూశాడు, తిరిగి ఇచ్చేశాడు.

"వాయించు."

పక్కింటి స్పీకరుకి తగిలించి కియాలా వాయించాడు. ఇదే ఆఖరుసారి అనుకుని వాయించాడు. ముందు కీర్తన, తర్వాత నెమ్మదిగా సాగే రుంబా పాట, ఆ తర్వాత సెబెన్. అరువు గిటార్ల మీద ఇన్నేళ్ళూ అణిగి ఉన్నదంతా ఒక్కసారి ఆ నాలుగు తీగల్లోంచి బయటికొచ్చింది. పొయ్యి దగ్గర న్సోనా గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఆగాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అందరూ ప్రెసిడెంటు మొహమే చూస్తున్నారు. ఆయన జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

"నాయనా, ఎన్నాళ్ళకి!" అని కియాలాని కావలించుకున్నాడు.

"ప్రెసిడెంటు గారూ, ఒట్టు! నేను చీలిపోవటం లేదు. మీ వెనక నా చోటు నాకుంటే చాలు."

ప్రెసిడెంటు చేతులు జారిపోయాయి. "ఏంటీ? చీలిపోవటం లేదా?"

"లేదండీ."

"నిజంగానే?"

"మా అమ్మ మీద ఒట్టు."

ప్రెసిడెంటు అద్దె కుర్చీలో కూలబడ్డాడు. "మటోంగేలో ఏ బృందాన్నైనా చూడు. ప్రతిదాంట్లోంచీ కనీసం రెండు పుట్టాయి. నాదాంట్లోంచి? ఒక్కటీ లేదు! మొపెపేలో ఎత్తుకుపోదగ్గది ఏముందని బీరు షాపుల్లో నవ్వుతున్నారు. గొప్ప బృందమైతే చీలకుండా ఉంటుందా అంటున్నారు. పొద్దున నీ కబురు వినగానే ఈ సూటు ఇస్త్రీ చేయించాను. నువ్వైనా నన్ను మోసం చేస్తావని ఎంత ఆశపడి వచ్చానయ్యా!"

కియాలాకి ఆయన్ని చూస్తే జాలేసింది. "మరి నేను వెళ్ళిపోతే శనివారం బాస్ ఎవరు వాయిస్తారండీ?"

"నువ్వే! ఇవాళ చీలిపో, శనివారం రాజీపడదాం. రాజీ అంటే రెట్టింపు జనం వస్తారు. నీ చోటు ఎక్కడికీ పోదు."

కియాలా భార్య వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అతను లేచి, గొంతు సవరించుకుని, మొపెపేతో తనకి ఇకపై ఏ సంబంధమూ లేదని గంభీరంగా ప్రకటించాడు. ప్రెసిడెంటు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. కొత్త బృందం ఆవిర్భవించింది. అది పోండూ వడ్డించేదాకా నిలబడింది. వైస్ ప్రెసిడెంటు డ్రమ్ములవాడా, పాటగాడా అన్న దగ్గర ఎలెంగా, షబానీ కాలర్లు పట్టుకుని, చెరో సొంత బృందం ప్రకటించేశారు.

"నీదాంట్లోంచి గంటలోపే రెండు!" అన్నాడు ప్రెసిడెంటు కియాలా వీపు తట్టి, గొంతులో కాస్త అసూయతో. "చేయి తిరిగినవాడివయ్యా!"

శనివారం పోస్టరు మీద నాలుగు బృందాల పేర్లు పడ్డాయి, బాస్ వాయించేవాడి పేరు పెద్దక్షరాల్లో పడడం మా పేటలో అదే మొదలు. ఆ పోస్టరు ఒకటి పట్టుకుని న్సోనా వీధంతా తిరిగింది. కచేరీ బ్రహ్మాండంగా జరిగింది. ఇళ్ళకి వెళ్ళేటప్పుడు జనం చర్చించి, చర్చించి, నాలుగింటిలోనూ బాస్ మాత్రం కియాలా బృందంవాడే బాగా వాయించాడని తేల్చారు. నాలుగింటికీ వాయించింది అతనొక్కడే.