ముట్టుకోవద్దు అనే ప్రోగ్రాము

ఆ శుక్రవారం ఉదయం సర్దుబాటు చేతిలో ఉన్న సరుకు ఇది: యూనివర్సిటీ పరిశోధకులంతా పంచుకుని వాడుకునే ఒక పెద్ద కంప్యూటరు, ఒంటి మీద సగమే ఆరిన చొక్కా, సాయంత్రం నాలుగింటికి భార్య పెట్టిన గడువు. కంప్యూటరు యూనివర్సిటీది. తడి వానది. గడువు ఒక్కటే అచ్చంగా అతని సొంతం.

సర్దుబాటు అతని పేరు కాదు. ప్రొఫెసర్లకీ స్కాలర్లకీ లెక్కలు చేసిపెట్టే మిషనూ, డేటా దాచుకునే చోటూ చూసే విభాగానికి అతను పెద్ద. ఎవరొచ్చి ఏది అడిగినా లేదనడు. "సర్దుబాటు చేద్దాం లెండి" అంటాడు. ఒకరి ఖాళీ సమయం ఇంకొకరికి ఇప్పించి, ఈయన చేత ఆవిడకి మాట సాయం చేయించి, మధ్యలో తన మీద రెండు వైపులా మొహమాటం ఉండేలా చూసుకుంటాడు. ఆ మొహమాటాలే అతని పెట్టుబడి. అవసరం వస్తే తీసి వాడుకోవచ్చని ధీమా.

ఇంట్లో మాత్రం ఆ సరుకు చెల్లలేదు. వాళ్ళుండే వాటాకి గాలి ఆడే కిటికీ ఒక్కటీ లేదు. వానలు మొదలైనప్పటి నుంచి ఉతికిన బట్ట ఉతికినట్టే ఉంటోంది. కుర్చీల మీద దుప్పట్లు, తలుపుల మీద తువ్వాళ్ళు, టీవీ మీద సాక్సులు. చుట్టాలెవరైనా వస్తే, కూర్చునే ముందు వాళ్ళే ఏదో ఒకటి తీసి పక్కన పెట్టుకోవాల్సి వస్తోంది.

"రెండిళ్ళు పోయాయి మీ మిషను పుణ్యమా అని" అంది భార్య, ఇస్త్రీ పెట్టెతో అతని చొక్కా మీంచి ఆవిరి లేపుతూ. "మొదటిసారి మిషను సగం ఆగిపోయిందన్నారు. రెండోసారి మిషను ఆగట్లేదన్నారు."

"ఈసారి అలా కాదే. పదింటికి మిషను ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తా. మూడింటికల్లా బయటపడతా."

"ఓనరమ్మ ఏమందో గుర్తుందిగా? మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కనపడితేనే తాళం ఇస్తానంది. నాలుగు దాటితే వెనకాల ఇంకోళ్ళున్నారంది. బాల్కనీకి మూడు వైపులా గాలేనట, వానలో కూడా బట్టలారతాయట. నేను రెండు బకెట్లు తడి బట్టలు తెస్తున్నా."

"ఇల్లు చూడ్డానికి బట్టలెందుకు?"

"ఆరేసి చూడొద్దూ? ఆరతాయని ఆవిడ అనేస్తే సరిపోతుందా?"

సర్దుబాటుకి ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు. తడి సాక్సులు తొడుక్కుని బయల్దేరాడు.

ఆ రోజు అతని పని నిజానికి చాలా చిన్నది. మిషనుకి కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించాలి. ఎక్కించాలంటే ఒకసారి ఆపాలి. ఎవరి పనులు వాళ్ళు ఆపుకోమని వారం ముందే అందరికీ చెప్పాడు. అందరూ ఆపారు కూడా. తీరా వెళ్ళి చూస్తే ఒకే ఒక్క ప్రోగ్రాము ఇంకా నడుస్తోంది. మిషనులో నాలుగో వంతు దానికే పోతోంది. రెండేళ్ళ నుంచీ పోతోంది. దాని పేరు 'ముట్టుకోవద్దు'.

"ఎవరిదమ్మా ఇది?" అని అడిగాడు డేటా అక్కని. విభాగంలో అతను కాక ఉన్న ఒకే ఒక్క ఉద్యోగి ఆవిడ. పరిశోధకుల ఫైళ్ళు చిందరవందర కాకుండా సర్దించడం ఆవిడ పని. ఆ పేరు స్కాలర్లు పెట్టింది.

"మన విభాగం పేరు మీదే ఉంది సార్. పాత మిషను నుంచి ఇందులోకి మారినప్పుడు అందరి పనులూ మన పేరు మీదే తెచ్చాం కదా. అసలు ఓనరెవరో అప్పుడే గల్లంతయింది. ఆపేయండి. ఎవరిదో వాళ్ళే ఏడ్చుకుంటూ వస్తారు."

సర్దుబాటు ఆపేసేవాడే. కానీ అది ఏ పెద్ద ప్రొఫెసరుదో అయితే, ఇన్నాళ్ళూ కూడబెట్టిన మొహమాటం ఒక్క దెబ్బకి కరిగిపోతుంది. ఒక్క మాట అడిగితే పోయేదేముంది అనుకున్నాడు. క్యాంపస్ మొత్తానికి మెసేజి పెట్టాడు. రెండేళ్ళుగా మిషనులో నాలుగో వంతు వాడుకుంటున్న ప్రోగ్రాము ఎవరిదో పదింటిలోపు చెప్పండి, లేకపోతే ఆపేస్తాం అని.

అతను చూసుకోనిది ఒకటుంది. వచ్చే ఏడాది ఎవరికి ఎంత మిషను ఇవ్వాలన్నది, ఈ ఏడాది ఎవరు ఎంత వాడారన్నదాన్ని బట్టి తేలుతుంది. ఆ పద్ధతి పెట్టించింది కూడా తనే. అంటే, ఓనరు లేని నాలుగో వంతు మిషనుని నడిబజారులో నిలబెట్టి, ఇది ఎవరిదండీ అని కేకేశాడన్నమాట.

పది కొట్టకముందే వాతావరణం ప్రొఫెసరు వచ్చేశారు. రేపు వానొస్తుందో రాదో లెక్కలు కట్టే మనిషి. ఆ లెక్క ఎలా తేలినా గొడుగు లేకుండా మాత్రం బయటికి రారు.

"ఆపకయ్యా, ఆపకు. అది మాదే."

"అలాగా సార్. ఏం చేస్తుందండీ అది?"

"ఏం చేస్తుందంటే... నడుస్తోందిగా. మా పాత స్కాలరు మొదలుపెట్టాడు. ఉద్యోగమొచ్చి పోయాడు. పోతూ పోతూ, సార్, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు అన్నాడు."

"దాన్ని అంటే దేన్నండీ?"

"ఆ రోజు అడగలేదు. ఇవాళ అర్థమైంది."

ఆ మాట గుమ్మం దగ్గరే విన్నారు చేపల ప్రొఫెసరమ్మ. నీళ్ళలో చేపల గుంపులు ఎటు కదులుతాయో లెక్కగట్టడం ఆవిడ పని. మిషను వంతుల దగ్గర ఆవిడకీ వాతావరణం ఆయనకీ ఏనాడూ పడింది లేదు.

"ఆయన మాట నమ్మకండి. అది మా చేపల లెక్క" అన్నారు ఆవిడ.

"చేపలకి నాలుగో వంతు మిషనా?"

"మీ మబ్బుల కన్నా మా చేపలు నయం. వల వేస్తే కనీసం చేతికొస్తాయి."

డేటా అక్క మధ్యలోకి దిగి, ఆ ప్రోగ్రాము ఫలితాలు దాచుకునే చోటు తెరిచి ఇద్దరికీ చూపించింది. ఖాళీ. రెండేళ్ళలో అది ఒక్క అంకె కూడా బయటపెట్టలేదు.

"చూశావా" అన్నారు వాతావరణం ప్రొఫెసరు తృప్తిగా. "తొందరపడి ఏదీ చెప్పట్లేదు. అచ్చం మా విభాగం పద్ధతే."

"ఇంత నిదానం మా చేపలకే ఉంటుంది" అన్నారు ప్రొఫెసరమ్మ.

సర్దుబాటు తన ఆయుధం తీశాడు. "సార్, మేడం, చెరి సగం రాసేసుకుందాం. సర్దుబాటు చేద్దాం లెండి."

"మొత్తం మాదైనప్పుడు సగం దేనికయ్యా?" అన్నారు ఆయన. ఆవిడా అదే మాట అన్నారు. ఇద్దరూ ఎవరి దారిన వాళ్ళు బయల్దేరి, ఒకే చోటికి, డీన్‌గారి గదికి వెళ్ళారు.

ఈలోగా ఫోన్లు మొదలయ్యాయి. పనులు ఆపుకుని కూర్చున్న పరిశోధకులంతా, మిషను ఎప్పుడిస్తారని అడుగుతున్నారు. ఒక స్కాలరైతే, మాది ఆపమని చెప్పి వాళ్ళది ఆపలేదేంటి, వాళ్ళదేమైనా బంగారమా అని నిలదీశాడు. మధ్యాహ్నానికి క్యాంపస్‌లో ఆ మాటే మిగిలింది. మిషను విభాగం వాళ్ళ దగ్గర ఏదో బంగారం లాంటి ప్రోగ్రాము ఉందట, ఆపడానికి వాళ్ళకే చేతులు రావట్లేదట.

డీన్‌గారు స్వయంగా దిగివచ్చారు.

"రెండేళ్ళుగా ఒక్కసారి కూడా ఆగలేదా?"

"లేదండి."

"మన యూనివర్సిటీలో రెండేళ్ళు ఆగకుండా నడిచింది ఇంకేదైనా ఉందా?"

"లిఫ్టు కూడా నడవలేదండి" అంది డేటా అక్క.

"అలాంటిదాన్ని ఆపడమేమిటి? రెండింటికి కమిటీ కూర్చుంటుంది. అందాకా అది నా గదిలో గోడ మీద కనపడేలా పెట్టించండి. నడుస్తోందో లేదో నేనే చూసుకుంటా."

సర్దుబాటు గోడ మీదికి ప్రోగ్రాము ఎక్కించి, ఫోన్ల బాధ పడలేక వెనక నడవాలోకి వెళ్ళి నిలబడ్డాడు. మిషను గదిలోని వేడిగాలిని బయటికి తోసే రేకు గొట్టం ఆ నడవాలోకే తెరుచుకుంటుంది. అక్కడ నిలబడి ఇంటికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తుండగా, వీపు మీద చొక్కా ఫెళఫెళలాడింది. ముట్టుకుని చూసుకున్నాడు. ఆరిపోయింది. వానలు మొదలయ్యాక ఒంటి మీద బట్ట పూర్తిగా ఆరడం అదే మొదలు.

ఇంత వేడేమిటి అనుకున్నాడు. అన్ని పనులూ ఆపేశారు కదా, ఇంత వేడి ఎక్కడిది అనుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది.

మిషను కొత్తగా వచ్చిన వారంలో, గదిలో ఏసీ సరిపోతుందో లేదో చూద్దామని తనే ఒక ప్రోగ్రాము రాశాడు. పెద్ద పెద్ద లెక్కలు చేయడం, వచ్చిన జవాబు పారేయడం, మళ్ళీ చేయడం. వేడి పుట్టించడం తప్ప దానికి వేరే పని లేదు. సాయంత్రం దాకా ఎవరూ ఆపకుండా 'ముట్టుకోవద్దు' అని పేరు పెట్టాడు. మెకానిక్కు వచ్చి చూసి, ఏసీ చాలదన్నాడు. ఇంకో ఏసీ తెప్పించారు. గది చల్లబడింది. ప్రోగ్రాము సంగతి అందరూ మర్చిపోయారు. ఆ రోజు నుంచీ అది వేడి పుట్టిస్తోంది, రెండో ఏసీ చల్లారుస్తోంది.

పరుగున వచ్చి డేటా అక్కకి చెప్పాడు. ఆవిడ, "పొద్దున్నే ఆపేయమన్నా కదా సార్" అంది.

కమిటీలో అతని మాట వచ్చేసరికి మూడు దాటింది. జేబులో ఫోను రెండుసార్లు అదిరింది. బయల్దేరారా అని ఒకటి, బకెట్లు బరువుగా ఉన్నాయని ఇంకొకటి. ఇంక దాచి లాభం లేదని లేచి నిలబడ్డాడు.

"అది నాదండి."

డీన్‌గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మీరు కూడానా?"

"అలా కాదండి. నిజంగానే నాది. ఏసీ చూసుకోవడానికి రాశాను. లెక్క చేస్తుంది, జవాబు పారేస్తుంది. వేడి తప్ప ఏమీ రాదు."

"చూశారా, వాటాకొచ్చాడు" అన్నారు వాతావరణం ప్రొఫెసరు.

"పంచేవాడికే ఆశ పుడితే ఇంక మేమెక్కడికి పోతాం?" అన్నారు ప్రొఫెసరమ్మ. ఇద్దరూ ఒక మాట మీద నిలబడటం ఆ క్యాంపస్‌లో ఎవరూ చూసి ఎరగరు.

"మీదేననడానికి ఆధారం?" అన్నారు డీన్‌గారు.

"ఫలితం లేకపోవడమేనండీ."

"ఫలితం లేకపోవడం ముగ్గురికీ సమానమేగా. మీకొక్కరికే ఎలా రాసిస్తాం?"

కమిటీ అన్నిటికీ జవాబులు తేల్చింది. ప్రోగ్రాము రెండు విభాగాల ఉమ్మడి సొత్తు. అది పూర్తయ్యేదాకా మిషను ఆపకూడదు. కొత్త సాఫ్ట్‌వేరు తర్వాత చూసుకోవచ్చు.

"అది పూర్తవదండీ" అన్నాడు సర్దుబాటు నీరసంగా. "ఎక్కడ ఆగాలో నేను రాయలేదు."

"మరీ మంచిది. మధ్యలో ఆపేశారన్న మాట మనకి రాదు. దాన్ని ఎవరూ ముట్టుకోకుండా చూసుకునే బాధ్యత మీదే."

బయటికొచ్చేసరికి అయిదు దాటింది. గుమ్మంలో భార్య నిలబడి ఉంది, చెరో చేతిలో ఒక బకెట్టు. మెట్ల దగ్గర నుంచి అక్కడిదాకా నీటి చుక్కలు వరసగా ఉన్నాయి.

"నాలుగున్నర దాకా నన్ను వాకిట్లో నిలబెట్టింది ఓనరమ్మ" అంది. గొంతు పెంచలేదు. దానికే సర్దుబాటుకి భయమేసింది. "మా ఆయన వస్తున్నారండీ, వస్తున్నారండీ అంటూనే ఉన్నా. చివరికి ఆవిడేమందో తెలుసా? నిజంగా ఉన్నాడా అమ్మా మీ ఆయన, అంది."

"అది కాదే..."

"తాళం వెనకాల వాళ్ళకిచ్చేసింది. వాళ్ళు బట్టలు బయటే ఉతికిస్తారట. బాల్కనీలో సైకిళ్ళు పెట్టుకుంటారట." బకెట్లు దించింది. "ఏదీ ఆ మిషను? మూడిళ్ళు తిన్నది ఎలా ఉంటుందో ఒకసారి చూపించండి."

మిషను ముందు నిలబెడితే ఏం చేస్తుందోనన్న భయంతో, సర్దుబాటు ఆమెని వెనక నడవా వైపు తీసుకెళ్ళాడు. గొట్టం ముందుకి రాగానే వేడిగాలికి ఆమె జుట్టంతా ఎగిరింది. జరిగిందంతా చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆగండి" అంది. వెనక్కి వెళ్ళి బకెట్లోంచి ఒక తువ్వాలు తెచ్చి గొట్టం ముందు పట్టుకుంది. తువ్వాలు మీంచి సన్నగా ఆవిరి లేచింది.

"ఇది ఎప్పుడూ ఇలాగే వస్తుందా?"

"రెండేళ్ళ నుంచి ఆగలేదు."

"వానొచ్చినా?"

"దీనికీ వానకీ సంబంధం లేదు."

"మళ్ళీ ఎవరైనా ఆపేస్తే?"

"ఆపకూడదని ఇప్పుడే కమిటీ తేల్చింది."

ఆమె తువ్వాలుని అటు తిప్పి, ఇటు తిప్పి, చెంపకి ఆనించుకుని చూసింది. "ఆ బాల్కనీ దీని ముందు దేనికీ పనికిరాదు" అంది. "మీ దగ్గర పొడుగాటి వైరు ఏమైనా ఉందా?"

డేటా అక్క లోపలికి వెళ్ళి నీలం రంగు నెట్‌వర్క్ వైరు చుట్ట తెచ్చింది. ఇద్దరాడవాళ్ళూ కలిసి నడవాకి ఆ చివర నుంచి ఈ చివరకి రెండు వరసలు కట్టేశారు.

మరుసటి వారం డీన్‌గారు వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన అతిథులని వెంటబెట్టుకుని, ఆగని ప్రోగ్రాముని చూపించడానికి వచ్చారు. నడవాలో మొదటి వరస మీద దుప్పట్లు, తువ్వాళ్ళు. రెండో వరస మీద వాతావరణం ప్రొఫెసరు గొడుగు, దాన్ని ఆనుకుని చేపల ప్రొఫెసరమ్మ వలలు. డీన్‌గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఏమిటివన్నీ?"

"ఆ ప్రోగ్రాము ఫలితాలండి" అంది డేటా అక్క. "ఇన్నాళ్ళూ రాలేదు కదా. ఇప్పుడు రోజుకి రెండు బకెట్లు వస్తున్నాయి."

అతిథుల్లో ఒకాయన ముందుకొచ్చి దుప్పటి పట్టి చూసి, గౌరవంగా తలూపాడు. "ఇవి తొలి ఫలితాలు మాత్రమే" అన్నారు డీన్‌గారు.

చివరికి లెక్క ఇలా తేలింది. సర్దుబాటుకి పోయింది గాలి ఆడే బాల్కనీ ఒకటి, ఏళ్ళ తరబడి దాచుకున్న మొహమాటం మొత్తం. వచ్చింది, ఆపితే ఊరుకోనని అందరికన్నా గట్టిగా చెప్పే భార్య ఒకరు. ఎవరు ఎక్కువ వాడితే వాళ్ళకి వచ్చే ఏడాది ఎక్కువ వంతు అన్న పద్ధతి ప్రకారం, నడవాలో పెద్ద వాటా వాళ్ళింటికే రాబోతోంది. పైగా రోజుకో పొడి చొక్కా.

కాలరు దగ్గర మాత్రం కాస్త చేపల వాసన వస్తోంది.