కూర్చుంటే ఆరుగురు, నిలబడితే పదకొండుమంది

మార్చి నెలలో ఒక మంగళవారం నుంచి చంద్రమౌళిని మనిషిగా కాక, ప్రత్యక్ష సంగీత వేదికగా పరిగణించాలని మెల్బోర్న్ పడమటి శివార్లలోని ఒక కౌన్సిల్ వారు నిర్ణయించారు. ఉత్తర్వు మర్యాదగానే ఉంది. పేరు మార్చుకోనక్కర్లేదు, ఉద్యోగం మానక్కర్లేదు, ఓటు హక్కు సంగతి వేరే శాఖవారు చూస్తారు అని రాశారు. చంద్రమౌళి దాన్ని రెండుసార్లు చదివి భార్య వకుళ చేతికిచ్చాడు. ఆవిడ కూడా చదివి, "పోన్లెండి, ఇక్కడ శాశ్వతంగా ఉండే పీఆర్ కన్నా తొందరగానే ఇచ్చారు" అంది.

ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. చంద్రమౌళి సిటీ బస్సు నడుపుతాడు. గుడివాడ దగ్గర పల్లెలో అతని తండ్రి పౌరాణిక నాటకాల్లో రాజు వేషం కట్టేవాడు. పోతూ పోతూ సెంటు భూమి మిగల్చలేదు గానీ, ఒక పద్యం మిగిల్చాడు. ఆ ఊరి తెలుగు మాస్టారొకాయన రాసిచ్చిన నాటకంలో, యుద్ధభూమిలో ప్రాణం విడిచే ముందు రాజు పాడే పద్యం అది. మొదటి మూడు పాదాలూ గొంతున్నవాడెవడైనా పాడగలడు. నాలుగో పాదం దగ్గర తండ్రి ఎత్తుకునే రాగం మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు, ఏ క్యాసెట్టులోనూ లేదు. చంద్రమౌళి గొంతులోనే ఉంది.

స్టీరింగు పట్టుకుంటే చాలు, పద్యం దానంతటదే వచ్చేసేది. ప్రయాణికులు దిగవలసిన చోట దిగేవారు కాదు. ఆఖరి స్టాపు దాకా వచ్చి, డ్రైవరుకి థాంక్స్ చెప్పి, దాటేసిన దారంతా వెనక్కి నడిచిపోయేవారు. వాళ్లలో ఒక పెద్దావిడ అతన్ని మెచ్చుకుంటూ కౌన్సిల్‌కి రాసింది. ఫిర్యాదు చేసి ఉంటే ఒక హెచ్చరికతో పోయేది. మెప్పులు తీసుకోవడానికి ఆ ఆఫీసులో శాఖ లేదు కనక, కాగితం అటు తిరిగి ఇటు తిరిగి వినోదస్థలాల శాఖకి చేరింది. తమ దగ్గరికి వచ్చిన కాగితం ఏదో ఒక వినోదస్థలం గురించే అయి ఉండాలి కాబట్టి వారు తమ పని తాము చేశారు.

తనిఖీకి సుభాషిణి వచ్చింది. తణుకు పిల్ల, కౌన్సిల్‌లో చేరి ఆరేళ్లయింది, చేతిలో టేపూ మొహంలో మొహమాటమూ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. తెలుగువాళ్లింటికి తెలుగమ్మాయిని పంపడం కూడా మర్యాదలో భాగమేనట.

"అన్నయ్య గారూ, ఏమీ అనుకోకండి. నోటిని ముఖద్వారం కింద రాస్తున్నాను. అత్యవసర ద్వారాలు రెండుండాలి."

"చెవులున్నాయి కదమ్మా."

"ఉన్నాయండి. ఎదురెదురుగానే ఉన్నాయి, అదొక అదృష్టం. జుట్టు మాత్రం అడ్డం రానివ్వకండి. అగ్నిమాపకం వాళ్లు ఒప్పుకోరు."

ఊపిరి పూర్తిగా పీల్చమని ఛాతీ కొలిచింది. మొదటి పాదం పాడమని, పాడుతుండగా ఇంకోసారి కొలిచింది. లెక్క వేసి, కూర్చుంటే ఆరుగురు, నిలబడితే పదకొండుమంది అని తేల్చి, ఆ అంకెలున్న బిళ్ల అతని చొక్కా జేబుకి తగిలించింది. కాలరుకి గుండీ అంత శబ్దమాపకం బిగించింది. అనుమతి ఉన్న వేళ దాటాక అందులో రాగం పడితే కౌన్సిల్‌లో గంట మోగుతుంది. మాటలకి మోగదు, దగ్గుకి మోగదు, రాగానికే మోగుతుంది. దాన్ని తయారుచేసినవాళ్లకి సంగీతం బాగా తెలిసి ఉండాలి.

చిక్కంతా ఇంటి దగ్గర వచ్చింది. అతని ఇల్లు నివాస ప్రాంతంలో ఉంది. నివాస ప్రాంతంలో వినోదస్థలం నడపకూడదు, మూసిపెట్టి ఉంచుకోవచ్చు. అంటే చంద్రమౌళి ఇంటికి రావచ్చు, అన్నం తినవచ్చు, నిద్రపోవచ్చు, కూనిరాగం తీయకూడదు. తొమ్మిదేళ్ల కూతురు మేధ అప్పటికి మూడు పాదాలు నేర్చుకుంది. నాలుగోది వచ్చే ఆదివారం చెబుతానని మాటిచ్చి ఉన్నాడు. ఆ ఆదివారం పిల్ల తలస్నానం చేసి, చాప పరుచుకుని కూర్చుంటే, తండ్రి కాలరు చూపించి తల అడ్డంగా ఊపాడు. తన తండ్రి పోయినప్పుడు కూడా అతను అంత బాధపడలేదు. తండ్రి పోతూ తనకి ఇచ్చిపోయాడు. తాను ఉండి కూడా ఇవ్వలేకపోతున్నాడు.

వకుళ ఊరుకోలేదు. కౌన్సిల్‌కి వెళ్లి, పిల్లకి పద్యం నేర్పడానికి అనుమతి కావాలని అడిగింది. పదహారేళ్లలోపువారు వేదికలోకి సంరక్షకుల వెంట మాత్రమే రావాలి అన్నారు. తండ్రి వెంటే కదా ఉంటుంది అంది. తండ్రి వేదిక, కట్టడం పిల్లలకి సంరక్షకుడు కాజాలదు అన్నారు. పోనీ నేను వస్తాను అంది. అయితే నిక్షేపంగా రావచ్చు, బస్సు డిపో క్యాంటీనులో శనివారం సాయంత్రాలు అతనికి అనుమతి ఉంది, టికెట్లు ఉంటే చూసుకోండి అన్నారు.

టికెట్లు లేవు. అప్పటికే దేశమంతా తిరిగి చూడదగ్గ సంగీత వేదికలంటూ ఒక యాత్రా పుస్తకం చంద్రమౌళిని ఎక్కించేసింది. ఫ్రీమాంటిల్ రేవులో పాత ఉన్ని గోడౌను, అడిలైడ్‌లో మూతపడ్డ సినిమాహాలు కింద జాజ్ వాయించే నేలమాళిగ, బ్రిస్బేన్‌లో రైలు వంతెన కింది పబ్బు, టాస్మేనియాలో యాపిల్ తోట నడిమి కొట్టం, వాటి తర్వాత చంద్రమౌళి. "నాదం వెచ్చగా ఉంటుంది. పార్కింగు సులువు. కాఫీ దొరకదు" అని రాశారు. డార్విన్ నుంచి రిటైరైన దంపతులు వచ్చారు, జర్మనీ నుంచి కుర్రాళ్లు వచ్చారు. పద్యం అయ్యాక కొందరు అతని వీపు తట్టి చూసి, ఇలాంటి గోడలు ఇప్పుడు కట్టడం లేదని చెప్పుకునేవారు. అతని పేరు ఎవరూ తప్పు పలకలేదు. అడగలేదు కనక.

జులైలో అక్కడి చలికాలం ముదిరాక ఎవరో రాలేకపోయి, వకుళకీ మేధకీ చోటు దొరికింది. ఆ సాయంత్రం క్యాంటీనులో కుర్చీలు నిండాయి. సుభాషిణి కూడా తనిఖీ కోసం వెనక గోడకి ఆనుకుని నిలబడింది. ఆరింటికి మూసెయ్యాలి. చంద్రమౌళి గడియారం చూసుకుని, కూతురి మొహం చూసుకుని ఎత్తుకున్నాడు. మేధ పెదవులు కదిపింది. మూడు పాదాలూ తండ్రితోపాటు నడిచింది. నాలుగో పాదంలో రాగం పైకి లేచి, అక్కడ నిలబడి, దిగడానికి ఇష్టంలేనట్టు తిరిగి తిరిగి దిగింది. వినడం వేరు, పట్టుకోవడం వేరు. పిల్ల సగం పట్టుకుంది, మిగతా సగం చేతికందలేదు. ఇంకొక్కసారి వింటే వచ్చేదే. అడగడానికి నోరు తెరిచి, గడియారం చూసి మూసుకుంది. ఆరు కావడానికి నిమిషమే ఉంది. చంద్రమౌళి దండం పెట్టేశాడు.

అప్పుడు వెనకనుంచి, "వన్స్ మోర్" అని వినపడింది.

కృష్ణా గోదావరి జిల్లాల్లో పద్యం బాగుంటే జనం అలా అంటారు. అన్నాక పాడవలసిందే. చచ్చిపడిన రాజు కూడా లేచి, కిరీటం సర్దుకుని, మొదటినుంచీ పాడి, మళ్లీ చచ్చిపోవాలి. చంద్రమౌళి తండ్రి ఒక్క శివరాత్రినాడు నాలుగుసార్లు చచ్చిపోయాడని ఊళ్లో చెప్పుకునేవారు. వన్స్ మోర్ కొట్టించుకుని కూడా పాడకపోయిన నటుడికి మర్నాడు ఊళ్లో కాఫీ పుట్టదు. ఇదంతా రక్తంలో ఉన్న సంగతి, నిబంధనల్లో లేదు. అన్నది ఎవరా అని అందరూ వెనక్కి చూశారు. సుభాషిణి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

పాడకుండా ఉండటం చంద్రమౌళి వల్ల కాలేదు. నాలుగో పాదం మాత్రమే పాడి ఊరుకుంటే బతికిపోయేవాడేమో. కానీ వన్స్ మోర్ అంటే మొదటినుంచీ అని అతనికి నేర్పారు, అడ్డదారి తెలియదు. మేధ కళ్లు మూసుకుని సిద్ధంగా కూర్చుంది. మూడో పాదం ముగిసి ఊపిరి పీల్చుకుంటుండగా కాలరు దగ్గర ఎర్ర దీపం వెలిగింది, కౌన్సిల్ నుంచి సుభాషిణి సంచిలోని ఫోను మోగింది. అతను పీల్చిన ఊపిరిని అలాగే మెల్లగా వదిలేశాడు.

"రాసెయ్యమ్మా" అన్నాడు. "నీ ఉద్యోగం నువ్వు చెయ్యాలి కదా."

సుభాషిణి ఏడుస్తూనే రాసింది, ఒక్క అక్షరం దాచలేదు. వేదిక సమయం మీరింది, కారణం తనిఖీ అధికారి అని రాసి సంతకం పెట్టింది. అధికారిని మందలించారు, వేదికని మూసేశారు.

మూసేసిన వేదికను ఖాళీగా ఉంచడం ఆ నగరంలో నేరంతో సమానం. ఇళ్లు దొరక్క జనం కార్లలో పడుకుంటున్నారు. కాబట్టి చంద్రమౌళిని నివాసాలుగా మార్చడానికి ఒక నిర్మాణ సంస్థకి అప్పగించారు. పురాతత్వ శాఖవారు వచ్చి చూసి, ఈ ముఖానికి చారిత్రక విలువ ఉంది, దీన్ని ముట్టుకోకూడదు, లోపల ఏం చేసుకున్నా అభ్యంతరం లేదు అన్నారు. అక్కడ పాత కట్టడాలన్నింటికీ అదే పద్ధతి. వీధిలోకి కనిపించే గోడ ఉంచుతారు, వెనక అంతా తోడేసి ఫ్లాట్లు కడతారు. వకుళ ఈసారి కౌన్సిల్‌కి వెళ్లి, కౌంటరు దగ్గర గొంతు పెంచకుండానే అడిగింది.

"మా ఆయన్ని ఇళ్లు చేసేశారు. మరి నా ఇల్లేదండీ?"

ఆవిడ పేరు నిరీక్షణ జాబితాలో రాసుకున్నారు.

పని వసంతంలో పూర్తయింది. సంగీతపు గుండెలో నివసించండి అని ప్రకటన ఇచ్చారు. కళ్ల వెనక ఫ్లాటు, బయటి దృశ్యం బాగుంటుందని, రిటైరైన ఒక దంతవైద్యుడు తీసుకున్నాడు. ఛాతీలోకి కొత్తగా పెళ్లైన జంట వచ్చింది. గొంతులోది అన్నింటికన్నా ముందు పోయింది, ఎత్తుగా గాలి వెలుతురు ఉంటుంది కనక. దిగిన నెలలోపే వారంతా కలిసి సంఘం పెట్టుకుని, గుండె చప్పుడుకి నిద్రపట్టడం లేదని రాశారు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. చంద్రమౌళి సాయంత్రం ఆరు దాటాక కాస్త నెమ్మదిగా కొట్టుకునేలా చూసుకుంటానని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నందుకు వాళ్లు చాక్లెట్ల డబ్బా పంపించారు.

అతను ఇప్పటికీ బస్సు నడుపుతున్నాడు. చిరునవ్వు పాడవలేదు, కౌన్సిల్‌వారు ఏటా వచ్చి చూసిపోతారు. ప్రయాణికులు తమ స్టాపుల్లో తాము దిగిపోతున్నారు, బస్సు వేళకి నడుస్తోందని డిపోలో మెచ్చుకున్నారు. ఒక పొద్దున అద్దంలో వెనక సీట్ల వైపు చూసినప్పుడు అతనికి ఒక సంగతి తట్టింది. ఆసుపత్రి డ్యూటీకి పోతున్న ఫిలిప్పీన్స్ నర్సు, గోడౌనుకి పోతున్న సూడాన్ పెద్దమనిషి, పెట్రోలు బంకు యూనిఫారంలో పంజాబీ కుర్రాడు, అందరి ముఖాలూ చక్కగా, శుభ్రంగా, అదే చిరునవ్వుతో ఉన్నాయి. అందరి కళ్ల వెనకా కిటికీ తెరలు వేసి ఉన్నాయి. అతను ఇండికేటరు వేసి బస్సు మలుపు తిప్పాడు.

ఆ ఆదివారం మేధ మళ్లీ చాప పరిచింది. చంద్రమౌళి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పిల్ల మొదటి పాదం పాడింది, రెండోది పాడింది, మూడోది తప్పు లేకుండా పాడి ఆగింది. వంటింట్లోంచి వకుళ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నాన్నా, తర్వాతది?"

చంద్రమౌళి నోరు తెరిచాడు. లోపల ఎక్కడో టీవీ నడుస్తోంది, ఎవరో గిన్నెలు సర్దుకుంటున్నారు. అతను మెల్లగా నోరు మూసి, కూతురి జుట్టు సవరించాడు.

"అందులో ఇప్పుడు వేరేవాళ్లు ఉంటున్నారు తల్లీ."

మేధ ఏడవలేదు. ఆ దేశంలో పుట్టి పెరిగిన పిల్ల, అలాంటివి బడిలో చెబుతారు. తలెత్తి అడిగింది.

"మంచివాళ్లేనా?"

"మంచివాళ్లే" అన్నాడు చంద్రమౌళి. "అసలు చప్పుడే చెయ్యరు."