కొత్త వర్షన్‌లో కరెంటు బిల్లు

పాతది చక్కగా పనిచేస్తున్నంతకాలం అభివృద్ధి జరిగినట్టు కాదు. ఈ సూత్రాన్ని నమ్మిన హిందూపురం కంప్యూటర్ సెంటర్ ఒకటి, 2003లో, ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్‌ను కొత్త వర్షన్‌కు మార్చింది. సరిగ్గా పరీక్ష ముందురోజు మార్చింది (ఏ పనికైనా ముహూర్తం ముఖ్యం).

లేపాక్షి బస్సు దిగి వచ్చిన అఫ్రీన్, చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలో పరీక్షకు రాసుకున్న తన కరెంటు బిల్లు ప్రోగ్రాంను నడిపింది. నిన్నటిదాకా ముచ్చటగా బిల్లు వేసిన ప్రోగ్రాం, ఎర్ర అక్షరాల్లో ‘ఫైలు దొరకలేదు’ అంది. పరీక్ష పాసైన సర్టిఫికెట్ చూపిస్తే ధర్మవరం పట్టుచీరల కొట్టులో ఆమెకు ఉద్యోగం. సోమవారం లోపల చూపించాలి.

"సార్, పాతదాంట్లో బాగానే వస్తాండె" అంది సెంటర్ యజమాని తిమ్మరాజుతో.

"కొత్త వర్షన్ తప్పు చేయదమ్మా. చేసిందంటే అది తప్పు కాదు."

"మరి ఈ ఎర్ర అక్షరాలేంది సార్?"

"పాతదానికి రంగులు యాడుండె? దుడ్లు పోసి తెచ్చినాం."

అయినా ఆయన నివారణ చర్యలు ప్రకటించాడు. మొదట ఒక కంప్యూటర్ ఆపి వేశారు. తర్వాత అన్నీ ఆపి వేశారు. ఆపైన పిల్లలందరూ బయటికి పోయి, చెప్పులు తొడుక్కుని, మళ్లీ విడిచి లోపలికొచ్చారు. ఎర్రర్ కదల్లేదు. పరీక్షకు మాదిరి జవాబు ఉండాలి గనక, తిమ్మరాజు అదే బిల్లు ప్రోగ్రాం నడిపి, తెరమీద వచ్చిందే అచ్చు తీసి, కవర్లో పెట్టి సీలు వేశాడు. పిల్లలు ఆ ఎర్రర్‌నే రికార్డు పుస్తకాల్లో ఎక్కించి, చుట్టూ స్కేలుతో గీతలు కొట్టారు.

"అందరికీ అదే వస్తాండాది. నీకేంది బాధ?" అన్నాడు పక్క సీటు బాలాజి.

అఫ్రీన్ బాధపడడం మాని, సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన సూచనలు చదివింది (సెంటర్ చరిత్రలో ఎవరూ చేయని పని). కొత్త వర్షన్ ఆ ఫైలును వేరే పేరుతో పిలుస్తుందట. ఒక వరుస మార్చి, ఒక వరుస చేర్చింది. బిల్లు వచ్చింది.

మర్నాడు పెనుకొండ నుంచి పరీక్షాధికారి రామాంజినేయులు వచ్చి, సీలు విప్పి, మాదిరి జవాబును ఒక్కో తెర పక్కన పెట్టి చూశాడు.

"ఏమ్మా, నీకు ఎర్రర్ రాలేదే?"

"సరిచేసినా సార్. చూడండి, బిల్లు వచ్చింది."

"మాదిరి జవాబులో బిల్లు లేదు కదమ్మా."

"మాదిరి జవాబే తప్పు సార్!"

"క్లాసంతటికీ వచ్చింది నీకొక్కదానికి రాలేదంటే, తప్పు యాడుండాదో నువ్వే చెప్పు."

అఫ్రీన్ తప్ప క్లాసంతా ఫస్ట్ క్లాసులో పాసయింది. ధర్మవరం ఉద్యోగంలో బాలాజి చేరాడు. అఫ్రీన్ మళ్లీ పరీక్షకు ఫీజు కట్టింది. ఎర్రర్ ఎలా తెప్పించాలో ఆదివారాలు బాలాజి దగ్గర నేర్చుకుంది.