సంయుక్తగారి వ్యాను

దివ్యాంగ ఉద్యోగుల సౌకర్యార్థం గచ్చిబౌలిలోని మా కంపెనీ ప్రత్యేక వాహనం కొనుగోలు చేసిందని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాం. దివ్యాంగ ఉద్యోగులంటే సంయుక్తగారు, ఒక్కరే. ఇంటినుంచి పని రద్దయింది గనుక నెలాఖరులోగా ఆఫీసుకు రావడం మొదలుపెట్టకపోతే ఉద్యోగం ఉండదని ఆవిడకు చెప్పేశారు. నల్లగండ్ల నుంచి వీల్‌చైర్‌లో ఎలా వస్తుందని ఎవరికో అనుమానం వచ్చింది. వెంటనే కమిటీ వేశారు.

అధ్యక్షులు మా అడ్మిన్ మేనేజరు కామేశ్వరరావుగారు. సభ్యులం అందరం నిక్షేపంగా నడిచేవాళ్లమే. సంయుక్తగారినీ పిలుద్దామనుకున్నాం గానీ, సమావేశం లిఫ్టు వెళ్లని పై అంతస్తులో పడింది, ఏం చేస్తాం. వ్యాను రంగు మీద ఒక పూట, పాటల స్పీకర్ల మీద ఒక పూట చర్చ నడిచింది. ర్యాంపు పనితీరు చూడాలి కదా, మా టీములో వినయ్‌ని ఆఫీసు తిరుగుడు కుర్చీలో కూర్చోబెట్టి పైకి తోశాం. వాడు సర్రున వెనక్కి జారి సెక్యూరిటీ గదిని గుద్దాడు. పరీక్ష విజయవంతమైందని తీర్మానించాం.

అమ్మినవాళ్లు నాలుగు పట్టీలు కూడా ఇచ్చారు. ముందు రెండు, వెనక రెండు వీల్‌చైర్‌కి తగిలించి కింద కొక్కేలకు బిగిస్తే, ఎంత బ్రేకు వేసినా అది కదలదట. మనిషికి బెల్టు వేరే. "ఆడపిల్లని కుర్చీతో సహా కట్టెయ్యడం ఏం బాగుంటుందండీ" అన్నారు కామేశ్వరరావుగారు. కొత్త బండి మాసిపోతుందని కొక్కేల మీద ఎర్ర తివాచీ పరిపించారు. పట్టీలు మాత్రం వృథా పోనివ్వలేదు. ప్రారంభోత్సవం రోజున అరటి పిలకల్నీ, 'అందరం కలిసి ప్రయాణిద్దాం' అన్న ఫ్లెక్సీనీ వాటితోనే వ్యానుకు బిగించాం. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఫ్లెక్సీ ఇసుమంత కదిలితే ఒట్టు.

నల్లగండ్లలో ఆవిడ అపార్టుమెంటు ముందే గుమ్మడికాయ కొట్టాం. "ఇది వ్యాను కాదు, మన సంస్థ హృదయం" అని కామేశ్వరరావుగారు ఉపన్యసించారు. సంయుక్తగారు హృదయంలోకి ఎక్కి నాలుగు పక్కలా చూసింది.

"ఫ్లెక్సీకి కట్టినవి విప్పి నా వీల్‌చైర్‌కి కట్టించండి సార్."

"పైవాళ్లకు ఫొటోలు పంపేదాకా విప్పకూడదమ్మా. ఇంతమందిమి ఉన్నాం, తలో చెయ్యి వేసి పట్టుకుంటాం."

"బ్రేకు పడితే మీరు నన్ను పట్టుకుంటారా, మీ సీటు పట్టుకుంటారా?"

"నిదానంగా తోల్తాలే మేడమ్" అన్నాడు డ్రైవరు పెద్దన్న.

నిదానంగానే తోలాడు పాపం. గేటు దగ్గర స్పీడ్ బ్రేకరు ఉంది. అందరం మా సీట్లు పట్టుకున్నాం. వీల్‌చైర్ ఉన్నపళంగా ముందుకు పోయి డ్రైవరు సీటుకు కొట్టుకుంది. ఆవిడ మోకాలు చిట్లింది.

"ఈ వెన్ను ఒకసారి విరిగింది సార్. రెండోసారి మీ ఫొటో కోసం విరగ్గొట్టుకోలేను" అని దిగిపోయింది. నాకు నిజంగానే బాధేసింది, గచ్చిబౌలి వచ్చేదాకా.

బండి ఖాళీగా తిరిగితే డీజిలు దండగ అని మర్నాటి నుంచి మేమే ఎక్కుతున్నాం. సంయుక్తగారు నెలాఖరుదాకా పట్టీల కోసం అడుగుతూనే ఉంది. ఆ తర్వాత అడిగే హోదా ఆవిడకు లేకుండా పోయింది.

వాడేవాళ్లు లేరని ర్యాంపు పీకించి ఆ జాగాలో రెండు సీట్లు వేయించారు. కిటికీ పక్కది నాది. రెండోది ఖాళీగానే ఉంది, మీరూ రావచ్చు. మా దగ్గర ఎలాంటి వివక్షా లేదు. నడిచి ఎక్కగలిగితే చాలు.