ఆగిపోయే కంప్యూటర్ చల్లగా ఉండాలి!

అయ్యలారా, అమ్మలారా! ఆఫీసుల్లో వాడి వదిలేసిన కంప్యూటర్లను మళ్లీ వాడే ముందు టెస్ట్ చెయ్యడమంత పాపం ఇంకోటి లేదు. ఎనిమిదో తరగతితోనే బడికి దండం పెట్టినవాడివి, నీకేం తెలుసంటారా? అలాంటి కంప్యూటర్ దయవల్లే బతుకుతున్నవాణ్ని. వినండి మరి.

నేను మోటారు విడిభాగాల గోడౌన్లో స్టోర్ కీపర్ని. ఏ బేరింగు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెబుతాను. మా మేనేజరుగారు ఆ అరలన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించారు. "ఇది ఆగకుండా నడిచిందా, నీకిక రెస్టేనయ్యా" అన్నారు. ఎంత మంచి మనసు!

అయితే ఆ పాత కంప్యూటర్ అమ్మిందెవరు? సాక్షాత్తూ మా బావమరిది! వాడి టెస్టింగ్ చూసి తీరాలి. వాడి దగ్గర బాగా పనిచేసే మెమరీ ముక్క ఒకటుంది. వచ్చిన ప్రతి కంప్యూటర్ డబ్బాలోనూ దాన్నే గుచ్చుతాడు. తెర వెలగ్గానే 'టెస్టెడ్ ఓకే' అని స్టిక్కర్ అంటిస్తాడు. ఆ ముక్క పీకేసి, డబ్బాతో వచ్చిన ముక్కే మళ్లీ పెట్టేసి, పక్కదాని మీదికి పోతాడు.

"ఒరేయ్, దాని సొంత మెమరీ టెస్ట్ చెయ్యవా?"

"అది పెడితే ఫెయిలైపోతుంది కదా బావా!"

ఈ తెలివి వల్ల మా ఆఫీసుకి ఎన్ని లాభాలో! కంప్యూటర్ బిగుసుకుపోయినప్పుడల్లా టైపింగ్ అమ్మాయి వాళ్లమ్మకి ఫోన్ చేస్తుంది. ఎన్నాళ్లగానో ఒకరితో ఒకరికి మాటల్లేని అకౌంటెంటూ డ్రైవరూ ఆగిన తెర ముందు నిలబడి, ఇద్దరూ కలిసి దాన్ని తిట్టి, మళ్లీ ఒకటయ్యారు. లోపలి ఫ్యాన్ మోతకి మేనేజరుగారి కేకలు వినపడవు. దాని నెత్తిన పెట్టిన టీ ఎంతసేపైనా చల్లారదు. కొత్త కంప్యూటర్లో ఉన్నాయా ఈ సుఖాలు?

అన్నిటికన్నా పెద్ద లాభం నాది. అది ఆగితే అందరూ నా వైపు తిరుగుతారు. నా కుర్చీ నాకుంటుంది!

కానీ మేనేజరుగారు ఊరుకునే మనిషా? మొన్న పిలిచి, "అది నడిచిన రోజు నువ్వు రాకు. ఆగిన రోజు ఫోన్ చేస్తాం. వచ్చిన రోజుకే జీతం" అన్నారు.

అప్పట్నుంచి ఫోన్ ముందు కూర్చుంటున్నాను. "దిగులు పడకండి, అది మా తమ్ముడు టెస్ట్ చేసిందే కదా! ఇవాళ తప్పకుండా ఆగుతుంది" అని మా ఆవిడ ధైర్యం చెబుతోంది. పుట్టింటి మీద అంత నమ్మకం!

నిన్న ఫోన్ మోగింది. పరుగెత్తాను. మెట్లెక్కి, రొప్పుతూ గుమ్మంలో నిలబడ్డాను. లోపల టైపింగ్ అమ్మాయి కంప్యూటర్ని టపటపా బాదుతోంది. మేనేజరుగారు ఆమెని వారిస్తున్నారు. అంత మెత్తని గొంతు ఆయనకుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

"కొట్టకమ్మా. పాపం, పాతది కదా! తొందరపెడితే ఎలా? కాసేపు వదిలెయ్, అదే తేరుకుంటుంది."

అంతలో నన్ను చూశారు.

"ఏమయ్యా, ఇంతసేపా రావడానికి? చేతకాకపోతే చెప్పు, ఇంకొకణ్ని చూసుకుంటాం!"