మా ఆయన పెన్సిలు, నా కుర్చీ

భర్తలందరికీ పెన్సిలు తప్పనిసరి చెయ్యాలి! అవునండీ, హెల్మెట్ లాగే. పట్టనివాళ్ళకి జరిమానా వెయ్యాలి.

నవ్వకండి. నలభై దాటిన మనిషి ఉన్నట్టుండి బొమ్మలు నేర్చుకుంటానంటే, అదీ అచ్చం ఫోటోలా ఉండే బొమ్మలంటే, ఆ ఇంటావిడ తల పట్టుకుంటుందని నాకూ తెలుసు. మంచం కింద పెన్సిలు పొట్టు, గోడల మీద నల్లటి వేలిముద్రలు, డైనింగ్ టేబుల్ మీద భోజనానికి చోటుండదు. నేనూ మొదట్లో తల పట్టుకున్నాను. తరవాత అదే తలతో ఆలోచిస్తే తెలిసింది, ఇది శాపం కాదు, వరం!

ముందు మా ఆయన గురించి చెప్పాలి. ఆయన లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. చీకటి గొయ్యిలోకి టార్చి వేసి ఒక్క చూపు చూశారంటే, అంత లావు ఇనప తాడులో తెగిన ఒక్క పోగుని పట్టేస్తారు. ఆఫీసులో ఆయన చూపుకి పెద్ద పేరు. ఆ చూపుకి సొంత ఇంట్లో తువ్వాలు కనబడదు. భుజం మీద వేసుకునే "ఏమోయ్, నా తువ్వాలేదీ?" అని కేకేస్తారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో తెలియనివాళ్ళు మా ఇంటికి రావచ్చు.

అటువంటి మనిషికి ఫోన్‌లో ఒక వీడియో మాస్టారు దొరికారు. ఆయన చెప్పే మొదటి పాఠం ఒకటే. మీకు తెలిసింది గీయకండి, కంటికి కనిపించింది గీయండి.

ఆ ఒక్క ముక్క మా కాపురాన్ని మార్చేసిందంటే నమ్ముతారా? కనిపించింది గీయాలంటే ముందు చూడాలి కదా మరి!

చూశారు. మొట్టమొదట మంచినీళ్ళ జగ్గుని చూశారు. "ఇదెప్పుడు కొన్నావోయ్? పక్కన సొట్ట కూడా ఉందే!" అన్నారు. అది మా పెళ్ళికి ఎవరో ఇచ్చిన జగ్గు. ఆ సొట్ట మా అమ్మాయి పాకే వయసులో పెట్టింది. ఆ పాకిన పిల్ల ఇప్పుడు కాలేజీలో చదువుతోంది.

అక్కణ్ణుంచి ఇంట్లో ఒక్కొక్కరితో పరిచయాలు పెరిగాయి. వెలుగు ఎటువైపు నుంచి పడుతోందో తెలుసుకోవాలిగా, దాంతో వంటింటికి కిటికీ ఉందని తెలిసింది. స్టూలుకి మూడే కాళ్ళని తెలిసింది. ఇన్నేళ్ళూ నాలుగనుకునే ఎక్కి బల్బులు మార్చారట! ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము ఎంత మందాన ఉందో తెలిసింది. దాన్ని ఎంత బాగా వేశారంటే, కాగితం చూసి మా అమ్మాయికి తుమ్ములొచ్చాయి. ఫ్యాన్ మీది దుమ్ము మాత్రం అక్కడే ఉంది. కళ వేరు, గుడ్డ ముక్క వేరు.

ఉల్లిపాయ సంగతి వినండి. గుండ్రటి వస్తువుకి షేడింగ్ నేర్చుకోవాలని బల్ల మీద ఒక ఉల్లిపాయని కూర్చోబెట్టారు. నేను తీయబోతే "ముట్టుకోకు, పోజులో ఉంది!" అని అరిచారు. అది అలా పోజులోనే ఉండి ఉండి మొలకెత్తింది. మోడల్ ఆకారం మారిపోయిందని ఆయన మళ్ళీ మొదటికొచ్చారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పెన్సిలు మంచిది కాదన్నారు. అది హెచ్‌బీ అట, ఇంకా మెత్తటిది కావాలట. ఇప్పుడు మా ఇంట్లో చెంచాల కంటే పెన్సిళ్ళు ఎక్కువ.

ఒకరోజు "దుప్పట్ల మడతల పని పడతాను ఇవాళ" అన్నారు. ఉతికిన బట్టలు కుర్చీలో కొండలా పడున్నాయి. ఆహా, ఇన్నాళ్ళకి చెయ్యి వేస్తున్నారు కదా అని సంబరపడ్డాను. చెయ్యి వేశారు, కాగితం మీద. ఆ కుప్పలో ఒక్క దుప్పటి కదిలిస్తే నీడలు పాడైపోతాయని, రెండు రోజులు ఇంటిల్లిపాదీ తడి తువ్వాళ్ళతో గడిపాం.

సింకులో గిన్నెలూ అంతే. "కడక్కు, కడక్కు! ఆ మూకుడు అంచున మెరుపు చూడు, ఎంత అందంగా ఉందో!" అంటారు. ఇరవయ్యేళ్ళుగా ఆ సింకు ముందు నిలబడుతున్నాను, అందులో అందం ఉందని ఎవరైనా చెప్పారా నాకు? అంటిన జిడ్డుతో సహా దించేశారు. నేను మెచ్చుకున్నాను. తరవాత అసలు మూకుడు తోమాను.

కొలతలు తీసుకోవడం కూడా నేర్చుకున్నారు. చెయ్యి బారుగా చాచి, పెన్సిలు నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూడాలట. బాల్కనీలోంచి పక్కింటి పూలకుండీని అలా కొలుస్తుంటే, కుండీ వెనక పక్కింటావిడ ఉన్నారు. పాపం, ఆవిడకి బొమ్మల సంగతి ఏం తెలుసు? ఆ సాయంత్రం వాళ్ళాయన మా తలుపు తట్టారు. నేను స్కెచ్ పుస్తకం చూపించాక గానీ శాంతించలేదు. పోతూ పోతూ, కుండీ బాగా వచ్చిందన్నారు.

ఇవన్నీ బాధలు కదమ్మా, వరం ఎక్కడుంది అంటారా? వస్తున్నాను.

జగ్గులూ దుప్పట్లూ అయ్యాక వీడియో మాస్టారు మనుషుల మొహాల పాఠంలోకి దిగారు. మా ఆయనకి మోడల్ కావాలి. అత్తగారు కునికిపాట్లు పడతారు. అమ్మాయి చేతికి చిక్కదు. ఇక మిగిలింది ఎవరు?

"ఇలా వచ్చి కూర్చో. కదలకు" అన్నారు.

పాఠకులారా, నేను ఒక క్లినిక్‌లో రిసెప్షనిస్టుని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వచ్చినవాళ్ళందరికీ "కూర్చోండి, పిలుస్తాను" అని చెప్పడమే నా ఉద్యోగం. ఆ మాట తిరిగి నాకు చెప్పిన మొదటి మనిషి మా ఆయనే! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కళ్ళు కదపొద్దన్నారు.

కూర్చున్నాను. కుక్కరు కూత పెట్టింది. అలవాటు కొద్దీ లేవబోయాను. "కదలొద్దన్నానా!" అని ఆయనే పరిగెత్తి స్టవ్ ఆపొచ్చారు. కాలింగ్ బెల్ మోగింది. ఆయనే వెళ్ళారు. "అమ్మాయ్, నా కళ్ళజోడెక్కడ?" అని అత్తగారు పిలిచారు. ఆయనే వెతికారు, కనబడింది కూడా! నేను రాణీలా గోడకేసి చూస్తూ కూర్చున్నాను. మా గోడ ఏ రంగో నాకూ అప్పుడే తెలిసింది.

ఇంత సుఖాన్ని ఎవరైనా ఊరికే వదులుకుంటారా? బొమ్మ పూర్తి కావస్తోందనగానే గడ్డం రవ్వంత పైకెత్తేదాన్ని. కొలతలన్నీ తప్పేవి. "ముక్కు నాది కాదండీ, మీ చెల్లెలిదిలా ఉంది" అనేదాన్ని. ఆయన మళ్ళీ కొత్త కాగితం తీసేవారు. మా అమ్మాయి ఇదంతా కనిపెట్టింది. "అమ్మా, కావాలనే కదులుతున్నావు కదూ?" అని చెవిలో అడిగింది. "నోరు మూసుకుని నీ పని చూసుకోవే" అన్నాను. పెదాలు కదిలాయని ఆయన మరో కాగితం తీశారు!

నిజం చెప్పనా? సుఖం ఒక్కటే కాదు, నాకు ఇంకో ఆశ కూడా ఉంది. జగ్గు మీద సొట్ట కనిపెట్టిన మనిషి, స్టూలు కాళ్ళు లెక్కపెట్టిన మనిషి, ఇన్ని సాయంత్రాలు నా మొహంలోకే చూస్తున్నారు. ఏదో ఒకరోజు పెన్సిలు పక్కన పెట్టి "ఏమిటోయ్, ఇలా అయిపోయావు? ఒంట్లో బాగుండటం లేదా?" అని అడుగుతారు. అడగరూ? ఆ ఒక్క ప్రశ్న కోసం మెడ నొప్పి కూడా ఓర్చుకున్నాను.

చివరికి మొన్న ఆదివారం బొమ్మ పూర్తయింది. ఈసారి గడ్డం ఎత్తలేదు నేను. చూద్దును కదా, నేనే! నుదుటి మీద గీతలు, వాలిన రెప్పలు, కళ్ళ కింద నల్లటి గుంటలు, ఒక్కటి వదల్లేదు మహానుభావుడు. చూసింది చూసినట్టు దించేశారు. వీడియో మాస్టారు చూస్తే ఆనందంతో ఏడ్చేవారు.

అమ్మాయి చూసి నా భుజం మీద చెయ్యి వేసింది. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "ఒరేయ్, ఈ పిల్ల ఎంత చిక్కిపోయిందిరా!" అన్నారు.

మా ఆయన కాగితం వంక చూశారు. నా వంక చూశారు. మళ్ళీ కాగితం వంక చూశారు.

"అరెరే, నిజమేనమ్మా" అన్నారు. "కళ్ళ కింద షేడింగ్ ఎక్కువైపోయింది. ఇంకా చెయ్యి తిరగలేదు నాకు. తనెందుకలా ఉంటుంది?"

డబ్బాలోంచి కొత్త రబ్బరు తీశారు. ఎంత నేర్పో, ఎంత ఓపికో! పక్క గీతలకి తగలకుండా, పసిపిల్ల మొహం తుడిచినట్టు, కళ్ళ కింద నలుపంతా తుడిచేశారు. నుదుటి గీతలు తుడిచారు. రెప్పలు కాస్త పైకి లేపారు. "ఇప్పుడు చూడు, అచ్చం నువ్వే!" అని కాగితం మీద ఉఫ్‌మని ఊది, ఫ్రేము కట్టించడానికి బయల్దేరారు.

నల్లటి రబ్బరు పొడి గదంతా పడింది. చీపురు తెచ్చి, నా కళ్ళ కింద నలుపు నేనే ఊడ్చుకున్నాను.